కార్టెక్స్‌లో న్యూరాన్ల కొమ్మలు: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

అనంతపురంలో డిగ్రీ, పీజీ, మెడికల్ పిల్లలకి న్యూరోబయాలజీ చెప్తుంటాను. కర్నూలు, కడప నుంచి కూడా ఫోన్లు చేసి అడుగుతుంటారు. బ్యాచ్‌లు మారుతున్నా డౌట్లు మాత్రం అవే వస్తున్నాయి, అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టా. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోండి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, న్యూరాన్‌ని, అంటే నాడీ కణాన్ని, బొమ్మలాగా బట్టీ పట్టొద్దండి. కొమ్మ ఎంత పొడుగు, ఎంత లావు, ఏ పొరలోకి పోయింది అన్నదాన్ని బట్టే ఆ కణానికి ఏ సమాచారం అందుతుందో, దాన్ని అది ఏం చేస్తుందో తేలుతుంది.

## కొత్తగా మొదలుపెట్టినోళ్ళకి

కార్టెక్స్ అంటే మెదడంతానా, పైపొర మాత్రమేనా?

పెద్ద మెదడు మీద మడతలు మడతలుగా ఉండే పైపొర మాత్రమే. మందం 2 నుంచి 4 మిల్లీమీటర్లు, అంతే. మనిషి మెదడులో మొత్తం సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే అందులో కార్టెక్స్‌లో ఉండేవి 1,600 కోట్ల దాకా, ఎక్కువ భాగం చిన్న మెదడులోనే ఉన్నాయి. కార్టెక్స్‌ని పైనుంచి లోపలికి ఆరు పొరలుగా చూస్తాం, 1వ పొర అన్నిటికన్నా పైన, 6వది అడుగున తెల్ల పదార్థం పక్కన.

పుస్తకంలో ఒక్కటే న్యూరాన్ బొమ్మ ఉంది, నిజంగా అన్నీ అట్లనే ఉంటాయా?

ఉండవు. ఇంటర్ పుస్తకంలో ఉండే బొమ్మ, అంటే ఒక కణం, నాలుగు పొట్టి కొమ్మలు (డెండ్రైట్లు, సిగ్నల్ తీసుకునేవి), పొడవాటి తోక (యాక్సాన్, సిగ్నల్ బయటికి పంపేది), దానిమీద మైలిన్ అనే కొవ్వు తొడుగు, అది కేవలం భాగాల పేర్లు నేర్పడానికి గీసింది. కార్టెక్స్‌లో నూటికి 70–80 పిరమిడల్ కణాలు, వీటి సిగ్నల్ దూరాలకి పోతుంది. మిగతావి ఇంటర్‌న్యూరాన్లు, వీటిలో దాదాపు అన్నీ పక్కనున్న కణాలని అదుపు చేసేవే, వీటి ఆకారాలు మాత్రం రకరకాలు. బాస్కెట్ కణం యాక్సాన్ పక్క కణాల ఒంటి చుట్టూ అల్లుకుంటుంది. షాండిలియర్ కణం యాక్సాన్ పిరమిడల్ కణం యాక్సాన్ మొదలయ్యే చోటనే పోయి కూర్చుంటుంది. మార్టినోటి కణం అయితే కింది పొరల్లో ఉండి యాక్సాన్‌ని 1వ పొర దాకా పైకి పంపిస్తుంది. కొమ్మలు ఎట్ల ఉన్నాయో చూసే వీటిలో చాలావాటికి పేర్లు పెట్టారు (మార్టినోటి మాత్రం మనిషి పేరు), కాబట్టి ఆకారం తెలియకుండా పేర్లు నేర్చుకుంటే రెండు రోజుల్లో మర్చిపోతారు.

పిరమిడల్ న్యూరాన్ కొమ్మలు ఎటెటు పోతాయో క్లియర్‌గా చెప్పండి సార్

కణం ఒళ్ళు త్రికోణంలా ఉంటుంది, కొన మెదడు ఉపరితలం వైపు. ఆ కొన నుంచి ఒక లావాటి కొమ్మ సూటిగా పైకి పోతుంది, అది ఎపికల్ డెండ్రైట్. పోయేదారిలో పక్కలకి సన్న కొమ్మలు, వాటిని ఆబ్లిక్ డెండ్రైట్లు అంటాం. 5వ పొరలో ఉండే పెద్ద కణాల్లో అయితే ఆ ఎపికల్ కొమ్మ 1వ పొర దాకా ఎక్కి అక్కడ కుచ్చులాగా విచ్చుకుంటుంది. కణం అడుగు నుంచి నాలుగైదు బేసల్ డెండ్రైట్లు చుట్టూ కిందికీ పక్కలకీ పరుచుకుంటాయి. యాక్సాన్ కూడా అడుగు నుంచే బయల్దేరి కిందికి దిగుతుంది.

ఈ అమరిక ఎందుకు ముఖ్యమంటే, అడుగు కొమ్మలకి ఎక్కువగా చుట్టుపక్కల కణాల నుంచీ కింది నుంచి వచ్చే ఇంద్రియ సమాచారం నుంచీ ఇన్‌పుట్ వస్తుంది, పైన 1వ పొరలో ఉన్న కుచ్చుకేమో కార్టెక్స్‌లోనే దూరంగా ఉన్న వేరే ప్రాంతాల నుంచి, మెదడు మధ్యలో ఉండి కార్టెక్స్‌కి సమాచారం చేరవేసే థాలమస్‌లో కొన్ని భాగాల నుంచి వస్తుంది. ఒకే కణం, రెండు వేరే వేరే పొరల్లో రెండు రకాల ఇన్‌పుట్ తీసుకుంటోంది. నాకు మొత్తం సబ్జెక్ట్‌లో ఇష్టమైన విషయం ఇదే.

డెండ్రైట్ కొమ్మకీ యాక్సాన్ కొమ్మకీ తేడా చూసి ఎట్ల కనుక్కోవాలి?

డెండ్రైట్ కణం దగ్గర లావుగా మొదలై పోనుపోను సన్నబడుతుంది, చీలేటప్పుడు ఇరుకు కోణంలో చీలుతుంది, పిరమిడల్ కణం అయితే దాని ఒంటినిండా స్పైన్లు అనే చిన్న ముళ్ళు ఉంటాయి. యాక్సాన్ మొదటి నుంచి సన్నగా, దాదాపు ఒకే లావుతో పోతుంది, దాని కొమ్మలు చాలాసార్లు లంబకోణానికి దగ్గరగా చీలతాయి, అక్కడక్కడ పూస గుచ్చినట్టు చిన్న ఉబ్బులు కనిపిస్తాయి. ఆ ఉబ్బుల దగ్గరే సైనాప్స్‌లు, అంటే ఒక న్యూరాన్ ఇంకోదానికి సిగ్నల్ అందించే చోట్లు.

డెండ్రైట్ మీద ఆ చిన్న ముళ్ళు ఏంటి? స్టెయిన్ చెత్త కాదా?

చెత్త కాదు. 1888లో స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ వీటిని గీసినప్పుడు కూడా చాలామంది స్టెయిన్ (కణాలు కనిపించేలా వేసే రంగు) వల్ల వచ్చిన గరుకే అనుకున్నారు, అవి నిజమైన భాగాలేనని ఆయన వాదించి నిలబడ్డాడు. వీటినే స్పైన్లు అంటాం. పొడుగు ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), సన్న మెడ, చివర గుండు లాంటి తల. పిరమిడల్ కణాన్ని ఉత్తేజపరిచే సైనాప్స్‌ల్లో అత్యధికం వీటి తలల మీదే ఉంటాయి. ఒక్క కణానికి వేలల్లో ఉంటాయి, మనిషి నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో పిరమిడల్ కణాలకైతే చూపు ప్రాంతం కణాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కొమ్మ పొడుగు ఒక్కటే కొలిచి స్పైన్లు వదిలేస్తే సగం లెక్కే అవుతుంది.

## ఆకారం ఇట్లనే ఎందుకు

ఇన్ని కొమ్మలు ఎందుకు? ప్రతి సైనాప్స్‌కీ కణం నుంచి సూటిగా ఒక్కో తీగ వేస్తే పోదా?

మన వైపు చీనీ (బత్తాయి) తోటకి డ్రిప్ వేయించినోళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. బోరు నుంచి ప్రతి చెట్టుకీ విడిగా ఒక పైపు లాగితే నీళ్ళు త్వరగా అందుతాయి గాని పైపు ఖర్చుకి ఇల్లు అమ్ముకోవాలి. అట్ల కాదని ఒకే సన్న పైపుని అన్ని చెట్లూ తిప్పి తిప్పి తీసుకుపోతే పైపు ఆదా అవుతుంది, కానీ ఆఖరి చెట్టుకి నీళ్ళు చేరేసరికి ప్రెషర్ ఉండదు. అందుకే మెయిన్ లైన్, సబ్ మెయిన్, దాని నుంచి లేటరల్స్ వేస్తారు. న్యూరాన్ కూడా ఈ రెండు ఖర్చుల మధ్యే ఒక దారి పట్టింది. ఒకటి తీగ మొత్తం పొడుగు, రెండోది ప్రతి సైనాప్స్ నుంచి కణం దాకా ఉండే దారి పొడుగు. తేడా ఏంటంటే డెండ్రైట్‌లో సిగ్నల్ చివర్ల నుంచి కణం వైపుకి వస్తుంది.

కహాల్ వంద ఏళ్ళ కిందే చోటు, సమయం, పదార్థం ఈ మూడింటి పొదుపు వల్లే న్యూరాన్లు ఇట్ల ఉన్నాయని రాశాడు. 2010లో హెర్మన్ కుంట్జ్ బృందం దాన్ని కంప్యూటర్‌లో చేసి చూపించింది. కొన్ని బిందువులు ఇచ్చి, మొత్తం తీగా తగ్గాలి, దారులూ తగ్గాలి అని రెండు షరతులు పెట్టి, రెండోదానికి ఎంత బరువు ఇవ్వాలో ఒకే ఒక్క నంబర్ మార్చుకుంటూ పోతే, రకరకాల నిజమైన న్యూరాన్లను పోలిన చెట్లు వచ్చేశాయి. కొమ్మల కోసం విడిగా బ్లూప్రింట్ అక్కర్లేదు, ఎక్కడెక్కడికి చేరాలో తెలిస్తే ఆకారంలో చాలా భాగం దానంతటదే వస్తుంది అని అర్థం.

రాల్ 3/2 రూల్ బట్టీ పట్టాను, అర్థం మాత్రం కాలేదు

రూల్ ఏంటంటే, తల్లి కొమ్మ వ్యాసాన్ని 3/2 ఘాతానికి పెంచితే వచ్చేది, పిల్ల కొమ్మల వ్యాసాలని అట్లనే పెంచి కూడితే వచ్చేదానికి సమానం కావాలి. ముందు లెక్క చూడండి. తల్లి కొమ్మ వ్యాసం 4 మైక్రాన్లు అనుకుందాం. 4ని 3/2 ఘాతానికి పెంచితే 8. అది రెండు సమాన పిల్ల కొమ్మలుగా చీలితే ఒక్కోదానికి 4 రావాలి, అంటే ఒక్కో పిల్ల కొమ్మ వ్యాసం సుమారు 2.5 మైక్రాన్లు. సగం కాదు, సగం కన్నా కొంచెం లావు.

3/2 యాడ నుంచి వచ్చిందంటే, కొమ్మలోపల కరెంట్ పోవడానికి ఉండే సులువు అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసం వర్గాన్ని బట్టి. కణాన్ని కప్పి ఉండే సన్నపొర (మెంబ్రేన్) గుండా బయటికి కారడం చుట్టుకొలతని బట్టి, అంటే వ్యాసాన్ని బట్టి. పొడవాటి కేబుల్‌కి మొత్తం మీద కరెంట్‌ని తీసుకునే సామర్థ్యం ఈ రెండింటి లబ్ధానికి వర్గమూలం. వ్యాసం ఘనానికి వర్గమూలం అంటే 3/2 ఘాతమే కదా. చీలిక దగ్గర తల్లికీ పిల్లలకీ ఈ విలువ సరిపోతే సిగ్నల్ అక్కడ తడబడకుండా పోతుంది, అప్పుడు కొమ్మల చెట్టు మొత్తాన్నీ గణితంలో ఒకే ఒక్క సిలిండర్‌గా మార్చి లెక్క కట్టొచ్చు, దానికి ఇంకొన్ని షరతులు ఉన్నాయి గాని అసలు సంగతి ఇదే. విల్‌ఫ్రిడ్ రాల్ 1959 నుంచి దీని మీద పనిచేశాడు. కార్టెక్స్ కణాల్లో ప్రతి చీలికకీ ఇది కచ్చితంగా కుదరదు, పరీక్షలో అది కూడా ఒక వాక్యం రాయండి.

కొమ్మ చివర్న వచ్చిన సిగ్నల్ కణం చేరేలోపే చచ్చిపోదా?

ఒంటరిగా వచ్చిన చిన్న సిగ్నల్ అయితే నిజంగానే బాగా నీరసించిపోతుంది. 1వ పొర కుచ్చులో ఒక సైనాప్స్ పనిచేస్తే 5వ పొరలో ఉన్న కణం ఒంటికి అందేది చాలా తక్కువ. కానీ డెండ్రైట్ ఉత్త తీగ కాదు, దానిమీద అయాన్లని లోపలికి వదిలే సోడియం, కాల్షియం, ఎన్‌ఎండీఏ చానెళ్ళు ఉన్నాయి. ఒకే సన్న కొమ్మ మీద దగ్గర దగ్గరగా ఉన్న కొన్ని సైనాప్స్‌లు ఒకేసారి పనిచేస్తే ఆ కొమ్మలోనే ఎన్‌ఎండీఏ స్పైక్, అంటే ఒక్కసారిగా లేచే బలమైన సిగ్నల్, పుడుతుంది, బేసల్ డెండ్రైట్లలో దీన్ని 2000లో చూపించారు. మాథ్యూ లార్కమ్ 1999లో ఎలుక 5వ పొర కణాల్లో ఇంకోటి చూపించాడు. కణం ఫైర్ అయిన (యాక్సాన్‌లోకి సిగ్నల్ పంపిన) క్షణంలోనే పై కుచ్చుకి కూడా ఇన్‌పుట్ వస్తే ఎపికల్ కొమ్మలో పెద్ద కాల్షియం స్పైక్ లేచి కణం వరసగా పలుసార్లు ఫైర్ అవుతుంది. పైనుంచి వచ్చినదీ కింద నుంచి వచ్చినదీ ఒకేసారి కలిశాయని కణం గుర్తుపట్టిందన్నమాట. కొమ్మలు లేని గుండ్రటి కణానికి ఈ పని సాధ్యం కాదు. 2020లో మనిషి కార్టెక్స్ 2, 3 పొరల కణాల డెండ్రైట్లలో ఇంకో రకం కాల్షియం స్పైక్ కనిపించింది, అది ఇన్‌పుట్ మధ్యస్థంగా ఉంటే బలంగా, మరీ ఎక్కువైతే బలహీనంగా వస్తుంది.

ఒకే కణం కొమ్మలు ఒకదానికొకటి చిక్కుపడవా?

తమ కొమ్మని తాము గుర్తుపట్టి పక్కకి జరిగే ఏర్పాటు చాలా న్యూరాన్లకి ఉంది. ఈగలో డీస్కామ్1 అనే ఒక్క జీన్ నుంచి 38,016 రకాల ప్రోటీన్లు వచ్చే వీలుంది, ఒక్కో కణానికి వాటిలో కొన్నే ఉంటాయి కాబట్టి సొంత కొమ్మ ఏదో పరాయి కొమ్మ ఏదో తెలిసిపోతుంది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇట్లాంటి పని ప్రోటోకాడెరిన్లు చేస్తాయి, దీనికి గట్టి ఆధారాలు రెటీనా, చిన్న మెదడు పుర్కింజీ కణాల నుంచి వచ్చాయి.

న్యూరాన్లు ఫ్రాక్టల్ అంటారు, నిజమేనా?

ఫ్రాక్టల్ అంటే ఎంత దగ్గరగా చూసినా అదే ఆకారం మళ్ళీ మళ్ళీ కనిపించేది. న్యూరాన్ల విషయంలో అది కొంతవరకే నిజం. కొమ్మలోంచి కొమ్మ వస్తుంది కాబట్టి పోలిక ఉంది, బాక్స్ కౌంటింగ్ (బొమ్మ మీద రకరకాల సైజు గళ్ళు వేసి లెక్కపెట్టడం) చేస్తే 1కీ 2కీ మధ్య ఒక నంబర్ కూడా వస్తుంది. కానీ లెక్కల్లో చెప్పే ఫ్రాక్టల్‌కి చిన్నదానికి అంతుండదు, న్యూరాన్‌లో మాత్రం కొన్ని చీలికల తర్వాత కొమ్మ అయిపోతుంది. పెద్దదానికీ చిన్నదానికీ మధ్య తేడా అంత తక్కువ ఉన్నప్పుడు ఆ ఒక్క నంబర్ పట్టుకుని ఈ కణం గొప్పది ఆ కణం తక్కువది అని రాసే ప్రాజెక్టులు నాకు నచ్చవు. మొత్తం పొడుగు, చీలికల సంఖ్య, ఎంత దూరం పోయింది ఇవి ముందు చెప్పండి, ఫ్రాక్టల్ సంఖ్య వాటి తర్వాత.

## మైక్రోస్కోప్ దగ్గర

మా కాలేజీ స్లైడ్‌లో ఊదారంగు చుక్కలే ఉన్నాయి, కొమ్మలు ఎందుకు కనిపించవు?

మీరు చూసింది మామూలు హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ అనే రెండు రంగులు వేసిన) స్లైడ్ అయి ఉంటుంది. ఆ రంగు ముఖ్యంగా కేంద్రకానికీ కణం ఒంటికీ పడుతుంది, సన్న కొమ్మలు విడిగా తెలియవు. పైగా ఆ ముక్క మందం 5 నుంచి 10 మైక్రాన్లే, కొమ్మలేమో వందల మైక్రాన్లు అన్ని దిక్కులకీ పోతాయి, అంత పల్చటి ముక్కలో కొమ్మ తునకలు తప్ప చెట్టు దొరకదు. కొమ్మలు చూడాలంటే గాల్జీ స్టెయిన్ చేసిన, 100 మైక్రాన్లు దాటిన మందపు ముక్క కావాలి.

అట్లాంటి స్లైడ్ దొరికితే మాత్రం తొందరపడొద్దు. లేత పసుపు మీద కారు నలుపు కణం కనిపిస్తుంది. 40ఎక్స్ పెట్టి ఫైన్ ఫోకస్ మెల్లగా తిప్పండి, ఒక కొమ్మ మసకబారుతుంటే దాని కింద ఇంకో కొమ్మ తేలుతుంది. ఒక కొమ్మని పట్టుకుని చివరిదాకా పోండి. సన్నబడి సన్నబడి ఆగితే అది నిజమైన చివర. లావుగా ఉండగానే ముక్క పైతలం దగ్గరో అడుగు తలం దగ్గరో పుటుక్కున ఆగిపోతే అది బ్లేడు కోసిన చోటు, దాన్ని చివరగా లెక్కపెట్టకూడదు.

గాల్జీ స్టెయిన్‌లో కొన్ని కణాలకే రంగు పడుతుందంట, అది లోపం కదా?

అదే దాని బలం. కార్టెక్స్‌లో కొమ్మలు ఎంత దట్టంగా కిక్కిరిసి ఉంటాయంటే అన్నిటికీ రంగు పడితే స్లైడ్ మొత్తం నల్లటి మచ్చ అవుతుంది. నూటికి కొన్నిటికే పడుతుంది కాబట్టి, పడిన కణం మొత్తంగా పడుతుంది కాబట్టి ఒక్కో చెట్టూ విడిగా కనిపిస్తుంది. ఏ కణానికి పడుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. కమిల్లో గాల్జీ 1873లో పొటాషియం డైక్రోమేట్, సిల్వర్ నైట్రేట్‌తో దీన్ని కనిపెట్టాడు. న్యూరాన్లన్నీ కలిసి ఒకే వల అని ఆయన నమ్మాడు. అదే స్టెయిన్ వాడి కహాల్ కాదు, ప్రతి న్యూరాన్ విడి కణం అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు, ఆ వేదిక మీద కూడా గాల్జీ తన మాట మార్చుకోలేదు.

మటన్ అంగడి నుంచి మేక మెదడు తెచ్చి చేయొచ్చా?

లెక్చరర్ పక్కన ఉండి, ఫ్యూమ్ హుడ్ ఉన్న ల్యాబ్ అయితే చేయొచ్చు, ఇంట్లో వద్దు. డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, గాల్జీ కాక్స్ పద్ధతిలో వాడే మెర్క్యురిక్ క్లోరైడ్ విషం, వాడిన ద్రావణాన్ని సింకులో పారబోయకూడదు, మన భూగర్భ జలాలకి ఉన్న కష్టాలు చాలు. మెదడు తాజాగా ఉండాలి, పొద్దున కోసింది మధ్యాహ్నం దాకా ఎండలో వేలాడితే పనికిరాదు. చిన్న ముక్కలుగా కోసి చీకట్లో ద్రావణంలో ఉంచాలి. మామూలుగా రెండు వారాలు పడుతుంది, అయితే ఢిల్లీ జేఎన్‌యూలో 2010లో 37 డిగ్రీల దగ్గర పెడితే 24 గంటల్లో అవుతుందని చూపించారు. దానికి ఇంక్యుబేటర్ కావాలి. అనంతపురం మే నెల ఎండ ఉంది కదా అని సీసాని కిటికీలో పెట్టకండి, ఉష్ణోగ్రత నిలకడగా ఉండదు, పైగా వెలుతురు తగులుతుంది.

షోల్ అనాలిసిస్ కంప్యూటర్ లేకుండా చేయొచ్చా?

బ్రహ్మాండంగా చేయొచ్చు, అసలు మొదట చేతితోనే చేయాలి. డొనాల్డ్ షోల్ 1953లో పిల్లి కార్టెక్స్ కణాల మీద చేసిన పద్ధతి ఇది. కణం బొమ్మని స్కేలుతో సహా ప్రింట్ తీసుకోండి. కంపాస్ ముల్లు కణం ఒంటి మధ్యలో పెట్టి 20 మైక్రాన్లకి ఒకటి చొప్పున వలయాలు గీయండి. ఒక్కో వలయాన్ని ఎన్ని కొమ్మలు దాటాయో లెక్కపెట్టండి. అడ్డంగా దూరం, నిలువుగా దాటిన సంఖ్య వేస్తే గ్రాఫ్ వస్తుంది. బేసల్ కొమ్మలకైతే కణానికి కాస్త దూరంలో ఒక శిఖరం వచ్చి తర్వాత దిగిపోతుంది. ఎపికల్‌కి తరచుగా రెండు శిఖరాలు వస్తాయి, ఒకటి ఆబ్లిక్ కొమ్మలది, రెండోది పై కుచ్చుది. అందుకే బేసల్, ఎపికల్ కలిపి లెక్కపెట్టొద్దు, కలిపితే గ్రాఫ్ చూసి ఏ కొమ్మ తగ్గిందో చెప్పలేరు.

## ఇంట్లోవాళ్ళు అడిగేవి

మా పాపకి ఎదుగుదల లేట్ అన్నారు, ఎమ్మారైలో ఈ కొమ్మలు కనిపిస్తాయా?

కనిపించవండి. ఆసుపత్రి ఎమ్మారైలో ఒక్క చుక్క దాదాపు ఒక మిల్లీమీటర్ ఉంటుంది, మనిషి కార్టెక్స్‌లో ఒక ఘన మిల్లీమీటర్‌లోనే పదివేలకి పైగా న్యూరాన్లు పడతాయి. కాబట్టి స్కాన్ నార్మల్ వచ్చినంత మాత్రాన అంతా బాగుందనీ కాదు, కొమ్మల్లో లోపం ఉందనీ కాదు, ఆ స్కాన్ చూసేది వేరే సంగతులు. ఎదుగుదల ఆలస్యమైన కొందరు పిల్లల్లో స్పైన్లు మరీ పొడవుగా, సన్నగా ఉన్నాయని 1970ల నుంచి తెలుసు, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యు సమస్యలో కూడా అట్లనే చూశారు, కానీ అవి కణజాలం మీద చేసిన పరిశోధనలు. మీ పాపకి కావాల్సింది పిల్లల న్యూరాలజిస్ట్, అవసరమైతే జన్యు పరీక్ష, తొందరగా మొదలుపెట్టే థెరపీ. మన జిల్లాల నుంచి బెంగళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రి దగ్గరే. పాపలో ఇట్ల ఉండటానికి మీరు గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నారో, ఏం చూశారో అని మిమ్మల్ని మీరు తప్పుపట్టుకోవద్దు.

టెన్షన్ వల్ల మెదడులో కొమ్మలు ఎండిపోతాయంట, పరీక్షల పిల్లలకి భయంగా ఉంది

ఎలుకల్లో ఇది బాగా తెలిసిన విషయం. రోజుల తరబడి ఒత్తిడి పెడితే మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో ఎపికల్ కొమ్మలు కురచవుతాయి. అదే సమయంలో భయానికి సంబంధించిన అమిగ్డలాలో కొమ్మలు పెరుగుతాయి, దీన్ని 2002లో బెంగళూరు ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలో సుమంత్ర చటర్జీ బృందం చూపించింది. తల్లిదండ్రులకి నేను చెప్పాలనుకునేది రెండో సగం, ఒత్తిడి ఆపి కొన్ని వారాలు వదిలేస్తే కుర్ర ఎలుకల్లో ప్రీఫ్రంటల్ కొమ్మలు చాలావరకు తిరిగి వచ్చాయి. కురచవడం అంటే కణం చచ్చిపోవడం కాదు. పిల్లల్ని నిద్రపోనివ్వండి, ఆడుకోనివ్వండి, ర్యాంకు గురించి అన్నం ముందు మాట్లాడకండి.

సరస్వతి ఆకు తింటే కొమ్మలు పెరుగుతాయని వాట్సాప్‌లో వచ్చింది

దాని వెనక నిజమైన పరిశోధన ఉంది గాని మెసేజ్‌లో దాన్ని సాగదీశారు. మణిపాల్‌లో ఎలుక పిల్లలకి సరస్వతి ఆకు రసం ఇచ్చి చూస్తే జ్ఞాపకాలకి సంబంధించిన హిప్పోకాంపస్‌లో సీఏ3 అనే చోటి కణాల డెండ్రైట్లు పెరిగాయని 2006లో రాశారు. అది ఎలుక, అది హిప్పోకాంపస్. మీ అబ్బాయికి మార్కులు పెరుగుతాయని అందులో యాడా లేదు. పప్పులో వేసుకుని తినే అలవాటుంటే తినండి, సీసాల్లో అమ్మే మెమరీ మందుకి వేలు పోయకండి.

యాభై దాటాక కొత్త కొమ్మలు రావా?

పెద్దయ్యాక పిరమిడల్ కణాల పెద్ద కొమ్మలు దాదాపు స్థిరంగా ఉంటాయి, స్పైన్లు మాత్రం పుడుతూ పోతూ ఉంటాయి, బతికున్న ఎలుకల్లో నెలల తరబడి చూసి దీన్ని 2002 నుంచి చెప్తున్నారు. ఇంటర్‌న్యూరాన్ల కొమ్మల కొసలు పెద్ద ఎలుకల్లో కూడా పెరిగి తగ్గుతుంటాయి. మనిషి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో అయితే చిన్నప్పుడు పెరిగిన అదనపు స్పైన్లు తగ్గడం ఇరవైల్లో కూడా సాగుతుంది. కాబట్టి తగ్గితే చెడు, పెరిగితే మంచి అనే లెక్క పెట్టుకోవద్దు.

## ప్రాజెక్టు చేసేవాళ్ళకి

ల్యాబ్ లేదు, డబ్బు లేదు, నిజమైన న్యూరాన్ల డేటా యాడ దొరుకుతుంది?

న్యూరోమార్ఫో డాట్ ఆర్గ్‌లో ఉచితం, 2006 నుంచి నడుస్తోంది, ప్రపంచంలో పలు ల్యాబ్‌లు ట్రేస్ చేసిన (మైక్రోస్కోప్‌లో చూసి కంప్యూటర్‌లో గీసిన) కణాలు జంతువు వారీగా, మెదడు ప్రాంతం వారీగా దొరుకుతాయి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. చూడటానికీ కొలవడానికీ ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, అందులోనే షోల్ కూడా ఉంది. కొత్తగా వచ్చిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ డేటా కూడా ఆన్‌లైన్‌లో తిప్పి చూడొచ్చు. హార్వర్డ్, గూగుల్ కలిసి మనిషి కార్టెక్స్‌లో ఒక ఘన మిల్లీమీటర్‌ని మ్యాప్ చేసి 2024లో ప్రచురించాయి, సుమారు 57 వేల కణాలు, 15 కోట్ల సైనాప్స్‌లు. దాన్ని డౌన్‌లోడ్ చేసే ఆలోచన మాత్రం వద్దు, 1.4 పెటాబైట్లు.

ఎస్‌డబ్ల్యూసీ ఫైల్ తెరిస్తే నంబర్లే కనిపిస్తున్నాయి, ఎట్ల చదవాలి?

ఎస్‌డబ్ల్యూసీ అంటే ట్రేస్ చేసిన న్యూరాన్‌ని దాచే టెక్స్ట్ ఫైల్. ఒక్కో వరస న్యూరాన్ మీద ఒక్కో బిందువు. ఏడు కాలమ్స్ ఉంటాయి: బిందువు నంబర్, రకం, ఎక్స్, వై, జెడ్, వ్యాసార్థం, తల్లి బిందువు నంబర్. రకంలో 1 కణం ఒళ్ళు, 2 యాక్సాన్, 3 బేసల్ డెండ్రైట్, 4 ఎపికల్. తల్లి నంబర్ -1 ఉంటే అదే మొదలు. ఆఖరి కాలమ్‌లో ఏ నంబరైనా రెండుసార్లు వస్తే అక్కడ కొమ్మ చీలిందన్నమాట (కణం ఒంటి బిందువు తప్ప), ఒక్కసారి కూడా రాకపోతే అది కొమ్మ చివర. ఎక్సెల్‌లో వేసినా చీలికలు లెక్కపెట్టొచ్చు. ఆరో కాలమ్ వ్యాసార్థం, వ్యాసం కాదు, రాల్ లెక్క చేసేటప్పుడు రెండుతో గుణించండి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఏం కొలిస్తే బాగుంటుంది సార్?

చిన్న ప్రశ్న తీసుకోండి. ఒకే జంతువు, ఒకే ల్యాబ్, ఒకే స్టెయిన్ నుంచి రెండు పొరల పిరమిడల్ కణాలు ఎంచుకుని బేసల్ కొమ్మల మొత్తం పొడుగు, చీలికల సంఖ్య, షోల్ గ్రాఫ్ పోల్చండి. వేర్వేరు ల్యాబ్‌ల కణాలు కలిపితే ముక్క మందం, రసాయనాల వల్ల కణజాలం కుంచించుకుపోవడం, ట్రేస్ చేసినవాళ్ళ అలవాటు, ఇవన్నీ మీ ఫలితంలో కలిసిపోతాయి, తర్వాత విడదీయలేరు. ఫైల్ దించుకోగానే కణాన్ని తిప్పి పక్కనుంచి చూడండి. జెడ్ దిక్కులో పల్చగా అప్పడంలా ఉంటే కొమ్మలు ముక్కతో పాటు తెగిపోయాయో, కణజాలం కుంచించుకుపోయిందో అయి ఉంటుంది, అలాంటి కణాన్ని పక్కన పెట్టండి, ఎందుకు పక్కన పెట్టారో రిపోర్టులో రాయండి.